లిస్టు వాళ్లది, బాకీ మనది

ప్రశ్న: నమస్కారం అండీ. మా బావగారూ నేనూ కలిసి 84 గదుల పాత హోటల్ కొని, ఒక పెద్ద బ్రాండ్ ఫ్రాంచైజీ తీసుకున్నాం. సంతకాలు అయిపోయాయి. గదుల్లో ఏమేం మార్చాలో బ్రాండ్ వాళ్లు పెద్ద జాబితా ఇచ్చారు. అవన్నీ వాళ్లు ఆమోదించిన సప్లయర్ల దగ్గరే కొనాలట. ఫర్నిచర్ సప్లయర్ సగం డబ్బు ముందే కట్టమంటున్నాడు, మిగతా సగం లారీకి ఎక్కించే ముందు కట్టాలట. బ్యాంకు వాళ్లేమో సరుకు హోటల్‌కి చేరాకే లోన్ డబ్బు విడుదల చేస్తామంటున్నారు. దుప్పట్లు, టవళ్లు ఇచ్చే అతను 30 రోజుల అరువు ఇస్తానంటూ మా ఇద్దరి వ్యక్తిగత హామీ అడుగుతున్నాడు. సాఫ్ట్‌వేర్ బిల్లులు మాత్రం రాయల్టీతో (ఆదాయంలో బ్రాండ్‌కి కట్టే వాటా) కలిపి బ్రాండ్ వాళ్లే మా ఖాతా నుంచి నేరుగా తీసుకుంటారట. మా బావగారు "ఇందులో బ్రాండ్‌కి కమీషన్ ఉంది, అది తేలేదాకా ఎవరికీ పైసా కట్టొద్దు" అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎవరికి ఎలా కట్టాలి? బావగారు చెప్పింది సరైనదేనా?

సమాధానం: ముందు మీ టెన్షన్ సంగతి. ఇరవై ఏళ్లకు పైగా హోటళ్ల అకౌంట్లు చూశాను. కొత్తగా ఫ్రాంచైజీ తీసుకున్న కుటుంబాలు సంతకాలయ్యాక మొదటి రెండు నెలల్లో సరిగ్గా ఇక్కడే చిక్కుకుంటాయి. గది రేటు, రాయల్టీ శాతం, ప్రకటనల ఫీజు గురించి నెలల తరబడి లెక్కలు వేస్తారు. కొన్న సరుకుకు డబ్బు ఎవరి చేతికి, ఏ రోజున, ఏ కాగితాన్ని బట్టి వెళ్తుందో మాత్రం అడగరు. మీరు అడిగారు, అదీ మొదటి అడ్వాన్స్ కట్టకముందే అడిగారు. కాబట్టి ఇంకా మీ చేతిలో చాలా ఉంది.

బ్రాండ్ వాళ్లు ఒక సప్లయర్‌ని ఆమోదించారంటే, అతని సరుకు తమ ప్రమాణాలకు సరిపోతుందని చెప్పినట్టు. అంతవరకే. ఆ సప్లయర్ సమయానికి పంపిస్తాడని గానీ, మీ అడ్వాన్స్ భద్రంగా ఉంటుందని గానీ బ్రాండ్ పూచీ పడదు. చాలా ఒప్పందాల్లో ఆ మాట స్పష్టంగానే రాసి ఉంటుంది: సరుకు కొనుగోలు మీకూ సప్లయర్‌కూ మధ్య వ్యవహారం, అందులో బ్రాండ్ పార్టీ కాదు. ఏం కొనాలో వాళ్లు చెబుతారు, బాకీ మాత్రం మీ పేరు మీద పడుతుంది. ఇది అన్యాయంగా అనిపించొచ్చు. కానీ సంతకం పెట్టిన కాగితంలో ఉన్నది ఇదే గనుక, మనం జాగ్రత్తలన్నీ ఈ సంగతి మీదే కట్టుకోవాలి. అందుకే ప్రతి కొనుగోలుకూ నేను మొదట చూసేది ధర కాదు. ఇన్వాయిస్ ఎవరు రాస్తున్నారు, ఎవరి పేరు మీద రాస్తున్నారు అన్నది చూస్తాను.

డబ్బు వెళ్లే దారులు మూడు. వాటిలో రెండు మీ ఉత్తరంలోనే కనిపిస్తున్నాయి. ఫర్నిచర్, దుప్పట్లు మీరు నేరుగా సప్లయర్‌కి కట్టేవి. సాఫ్ట్‌వేర్ బ్రాండ్ నెలవారీ స్టేట్‌మెంట్‌లో కలిసి వచ్చేది. మీరు రాయనిది ఇంకొకటి ఉంది: కొన్ని బ్రాండ్లకు సొంత కొనుగోలు విభాగమో, పలు హోటళ్ల తరఫున బేరమాడే ఉమ్మడి కొనుగోలు సంస్థో ఉంటుంది. వాళ్ల పోర్టల్‌లో ఆర్డర్ పెడితే ఒక్కోసారి సప్లయర్ దగ్గర నుంచి, ఒక్కోసారి ఆ సంస్థ దగ్గర నుంచే బిల్లు వస్తుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సరుకు పాడైపోయి వచ్చిన రోజున ఎవరితో మాట్లాడాలో దాన్ని బట్టే తేలుతుంది. సంస్థే ఇన్వాయిస్ రాస్తే మీకు అమ్మినవాళ్లు వాళ్లే, జవాబు చెప్పాల్సింది వాళ్లే. ధర కుదిర్చి పక్కకు తప్పుకుంటే, మీ గొడవ సప్లయర్‌తోనే.

ఇక మీకు అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఫర్నిచర్. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఒక్క పొరపాటుతో మొత్తం ప్రాజెక్టు ఆగిపోయేది ఇక్కడే.

సగం అడ్వాన్స్ అడగడం ఈ వ్యాపారంలో మామూలే. మీ బ్రాండ్ డిజైన్ ప్రకారం, మీ గదుల కొలతల ప్రకారం చేసిన హెడ్‌బోర్డులు, బల్లలు మీరు తీసుకోకపోతే ఇంకెవరికీ పనికిరావు. అందుకే తయారీదారు ముందే డబ్బు పట్టుకుంటాడు. అతని భయం న్యాయమైనదే. కానీ లారీ కదలకముందే పూర్తి డబ్బు కట్టేస్తే, ఒక బల్ల కాలు విరిగి వచ్చినా, పది హెడ్‌బోర్డుల రంగు తేడాగా ఉన్నా, మీ చేతిలో పట్టు ఏమీ ఉండదు. కాబట్టి సగం సగం అన్న మాటని అక్కడే వదలకండి. నలభై శాతం అడ్వాన్స్, యాభై శాతం బయలుదేరే ముందు, పది శాతం గదుల్లో బిగించి లోపాల జాబితా పూర్తయ్యాక అని అడగండి. పదికి ఒప్పుకోకపోతే ఐదు అడగండి. 84 గదుల ఆర్డర్ వదులుకోవడానికి ఏ సప్లయరూ తొందరపడడు. లిస్టులో అదే సరుకుకు ఇంకో పేరు ఉంటే, అతని దగ్గర నుంచి కూడా లిఖితపూర్వకంగా ధర, షరతులు తెప్పించండి. బ్రాండ్ లిస్టులో ఉన్న ధరలూ షరతులూ మార్చడానికి వీల్లేనివని చాలామంది అనుకుంటారు. మార్చుకోవచ్చు.

అడ్వాన్స్ కట్టే ముందు ఇంకో కాగితం మీ దగ్గర ఉండాలి. మీరు ఆర్డర్ ఇవ్వబోయే డిజైన్, గుడ్డ, రంగు, కొలతలను బ్రాండ్ డిజైన్ విభాగం లిఖితపూర్వకంగా ఆమోదించిన లేఖ. సప్లయర్ ఆమోదం వేరు, మీ ఆర్డర్ ఆమోదం వేరు. ఆమోదిత సప్లయర్ దగ్గరే కొన్నా, అతను పాత డిజైన్ ప్రకారం చేసి పంపితే తనిఖీకి వచ్చిన బ్రాండ్ మనిషి తిప్పికొడతాడు. అప్పుడు సప్లయర్ "మీరు సంతకం పెట్టిన డ్రాయింగ్ ప్రకారమే చేశాను" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతారు, నష్టం మీకు. వీలైతే ఒక్క గది మొత్తం తయారుచేయించి, బ్రాండ్ మనిషికి చూపించి, ఆ తర్వాతే మిగతా 83 గదులకు అడ్వాన్స్ విడుదల చేయండి.

నేను లెక్కలు చూసిన ఒక హోటల్ వాళ్లు ఇలాగే లిస్టులో ఉన్న ఒక సప్లయర్‌కి సగం డబ్బు కట్టారు. రెండు నెలలకు అతను ఫ్యాక్టరీ మూసేశాడు. బ్రాండ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే "అయ్యో, అతన్ని లిస్టులోంచి తీసేస్తాం" అన్నారు. తీసేశారు కూడా. వీళ్ల డబ్బు తిరిగి రాలేదు. అదే ఫర్నిచర్ ఇంకొకరి దగ్గర రెండోసారి కొన్నారు. ఆ యజమాని నా ఎదురుగా కూర్చుని ఆ రెండో అడ్వాన్స్ చెక్కు మీద సంతకం పెట్టిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి పెద్ద అడ్వాన్స్ కట్టే ప్రతి చోటా సప్లయర్ గురించి నేనే వాకబు చేస్తాను. ఈ ఏడాదిలో అతని దగ్గర కొన్న ముగ్గురు హోటల్ యజమానుల నంబర్లు అడుగుతాను. వాళ్లకు ఫోన్ చేసి "చెప్పిన తేదీకి వచ్చిందా, ఆలస్యమైతే ఏమన్నాడు" అని అడుగుతాను. మొత్తం పెద్దదైతే అడ్వాన్స్‌కి బ్యాంకు గ్యారంటీ, అంటే అతను సరుకు ఇవ్వకపోతే అతని బ్యాంకే డబ్బు తిరిగి ఇస్తుందన్న పత్రం, ఇవ్వమని అడుగుతాను. లేదా డబ్బు మూడో వ్యక్తి దగ్గర ఎస్క్రో ఖాతాలో ఉంచి, పని జరిగే కొద్దీ విడుదల చేసేలా చూస్తాను. చిన్న తయారీదారులు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ఆర్డర్‌ని అంతస్తులవారీగా విడగొట్టండి. ఒక్కో అంతస్తుకు ఒక్కో అడ్వాన్స్ అయితే, పోయినా అంతవరకే పోతుంది.

ఇప్పుడు బ్యాంకు ముడి. సప్లయర్ సరుకు పంపే ముందు డబ్బు అడుగుతాడు, బ్యాంకు సరుకు చేరాకే డబ్బు ఇస్తానంటుంది. ఇద్దరూ పట్టుబడితే మధ్యలో మీ సొంత డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది. బ్యాంకు వైపు నుంచి చూస్తే, చేరని సరుకు మీద వాళ్లకు తాకట్టు ఏమీ ఉండదు. ఆ భయం తీర్చితే చాలాసార్లు దారి దొరుకుతుంది. సప్లయర్ దగ్గర నుంచి, కట్టిన మేరకు సరుకు మీ హోటల్ పేరు మీద ఉందని తెలిపే పత్రం, అది నిల్వ ఉన్న గోడౌన్ వివరాలు, బ్యాంకు పేరు కూడా చేర్చిన బీమా సర్టిఫికెట్ తెచ్చి బ్యాంకు మేనేజర్ ముందు పెట్టండి. అడ్వాన్స్‌ల కోసం లోన్‌లో కొంత భాగం విడిగా కేటాయించమని అడగండి. కొన్ని బ్యాంకులు డబ్బు మీ ఖాతాలో వేయకుండా నేరుగా సప్లయర్‌కే పంపుతామంటాయి. అది మీకూ మంచిదే, ఒప్పుకోండి. సరుకు ఓడలో దూరం నుంచి వచ్చేదైతే లెటర్ ఆఫ్ క్రెడిట్ అన్న పాత పద్ధతి ఉంది: సరుకు ఓడ ఎక్కిందని చూపే పత్రాలు వచ్చాకే బ్యాంకు డబ్బు చెల్లిస్తుంది. ఖర్చు ఉంటుంది గానీ నిద్ర పడుతుంది.

ఒక చిన్న మాట కూడా ఇక్కడే. సరుకు ఏ క్షణాన మీదవుతుంది? ఫ్యాక్టరీ గేటు దాటగానేనా, మీ గుమ్మంలో దిగాకనా? మొదటిదైతే దారిలో లారీ బోల్తా పడినా నష్టం మీదే, రవాణా బీమా మీరే తీసుకోవాలి. ఆర్డర్ కాగితంలో ఆ వాక్యం వెతకండి. సరుకు దిగినప్పుడు డ్రైవర్ తొందరపెట్టినా, దెబ్బతిన్న పెట్టెల సంగతి రసీదు మీద రాయకుండా సంతకం పెట్టకండి.

దుప్పట్లు, టవళ్లు, సబ్బులు, గది తాళం కార్డులు లాంటివి వేరే లోకం. ఇవి ప్రతి నెలా కొనేవి, అరువు మీద నడిచేవి. కొత్త హోటల్ కాబట్టి మొదటి రెండు మూడు ఆర్డర్లకు ముందే డబ్బు అడగొచ్చు, తర్వాత 30 రోజుల గడువు ఇస్తారు. అరువు దరఖాస్తుని మాత్రం ఒక్కో వాక్యం చదవండి. మీ ఉత్తరంలో చెప్పిన వ్యక్తిగత హామీ అందులో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. "ఉమ్మడిగానూ విడివిడిగానూ" అన్న మాట ఉంటే, మీ బావగారి భాగంతో సహా మొత్తం బాకీ మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు, ఆయన దగ్గరైనా అంతే. హోటల్ కంపెనీ మూతపడినా అది మిమ్మల్ని వదలదు. రెండు కుటుంబాల బంధుత్వం కలిసి ఉన్న వ్యాపారం మీది, కాబట్టి ఇది సంతకం పెట్టే ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. సప్లయర్‌ని మూడు అడగండి: హామీకి ఒక గరిష్ఠ మొత్తం, పన్నెండు నెలలు సమయానికి కడితే హామీ రద్దు, లేదా హామీకి బదులు చిన్న డిపాజిట్. మూడింటిలో ఒకటి ఇస్తారు. ఏదీ ఇవ్వనంటే, ఆరు నెలలు ముందే డబ్బు కట్టి కొనడం ఆ సంతకం కంటే నయమని నా అభిప్రాయం.

అరువు బిల్లుల మీద ఒక్కోసారి "పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదా 30 రోజుల్లో పూర్తి మొత్తం" అని ఉంటుంది. రెండు శాతమే కదా అని వదిలేస్తారు. లెక్క వేసి చూడండి. 100 బిల్లుకి పదో రోజున 98 కట్టొచ్చు. ఇంకో ఇరవై రోజులు ఆగితే 100 కట్టాలి. అంటే 98ని ఇరవై రోజులు వాడుకున్నందుకు 2 వడ్డీ. ఏడాదికి లెక్కేస్తే అది సుమారు 37 శాతం అవుతుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ దీనికంటే చాలా తక్కువ ఉంటే, ఓవర్‌డ్రాఫ్ట్ తీసి అయినా పదో రోజున కట్టేయడమే లాభం. క్రెడిట్ కార్డుతో కట్టేటప్పుడు మాత్రం సప్లయర్ అదనపు చార్జీ వేస్తున్నాడేమో చూడండి. కార్డు పాయింట్ల కోసం మూడు శాతం పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఇక ఖాతా నుంచి బ్రాండ్ నేరుగా తీసుకునే డబ్బు. రాయల్టీ, ప్రకటనల ఫీజు, రిజర్వేషన్ ఫీజు, మెంబర్‌షిప్ పాయింట్ల ఖర్చు, వీటితో పాటు బ్రాండ్ తప్పనిసరి చేసిన సాఫ్ట్‌వేర్, ట్రైనింగ్, సర్వేల ఖర్చులు అన్నీ ఒకే స్టేట్‌మెంట్‌లో వస్తాయి. పాయింట్లు వాడి ఉచితంగా దిగిన అతిథుల గదులకు బ్రాండ్ మీకు ఇవ్వాల్సిన డబ్బును కూడా చాలాసార్లు అందులోనే, మీరు కట్టాల్సిన దాంట్లోంచి తీసేసి చూపిస్తారు. అందుకే చివరి అంకె ఒక్కటే చూసి ఊరుకుంటే, ఏ లైన్‌లో ఎక్కువ పడిందో, ఏ లైన్‌లో మీకు రావాల్సింది తగ్గిందో తెలియదు. స్టేట్‌మెంట్ వచ్చిన రోజే లైన్లన్నీ సరిచూసే పని ఒకరికి అప్పగించండి. అభ్యంతరం చెప్పడానికి ఒప్పందంలో గడువు ఉంటుంది, అది దాటితే లెక్క ఒప్పుకున్నట్టే.

ఈ ఆటో డెబిట్ కోసం విడిగా ఒక ఖాతా తెరవండి. నెలకు ఎంత తీసుకుంటారో అంత, పైన కొంచెం, అందులో వేయండి. నేను పనిచేసిన ఒక చోట జీతాలు, బ్రాండ్ డెబిట్ ఒకే ఖాతాలో ఉండేవి. ఒక నెల బ్రాండ్ స్టేట్‌మెంట్‌లో పొరపాటున రెండుసార్లు పడిన చార్జీ సరిగ్గా జీతాల ముందు రోజు ఖాతా ఖాళీ చేసింది. డబ్బు తర్వాత తిరిగి వచ్చింది. కానీ గదులు శుభ్రం చేసే అమ్మాయిలకు ఆ నెల జీతం నాలుగు రోజులు ఆలస్యమైంది. వాళ్ల ఇంటి అద్దె గడువు మన ఖాతా సరయ్యేదాకా ఆగదు కదా.

ఇప్పుడు బావగారి మాటకు వస్తాను. ఆయన అనుమానానికి ఆధారం ఉంది. సప్లయర్లు తమ అమ్మకాల్లో కొంత శాతాన్ని బ్రాండ్‌కి రిబేట్‌గా ఇవ్వడం ఈ రంగంలో ఉన్న పద్ధతే. అది దొంగతనం కాదు, రహస్యం కూడా కాకూడదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, ఫ్రాంచైజీ అమ్మేవాళ్లు సంతకానికి కనీసం 14 రోజుల ముందు 23 అంశాల వివరపత్రం చేతికివ్వాలి. అందులో ఏడో అంశంలో ప్రారంభ పెట్టుబడి పట్టిక ఉంటుంది: ఒక్కో ఖర్చు ఎంత, ఎప్పుడు కట్టాలి, ఎలా కట్టాలి, ఎవరికి కట్టాలి అని. ఎనిమిదో అంశం సరిగ్గా మీ బావగారి ప్రశ్నకు సంబంధించినది. తప్పనిసరి కొనుగోళ్ల ద్వారా బ్రాండ్‌కి ఆదాయం వస్తుందా, సప్లయర్లు బ్రాండ్‌కి ఏ లెక్కన డబ్బు ఇస్తారు, బ్రాండ్ అధికారులకు ఏ సప్లయర్ కంపెనీలోనైనా వాటా ఉందా, లిస్టులో లేని సప్లయర్‌ని ఆమోదింపజేసుకోవాలంటే ఏం చేయాలి, అన్నీ అక్కడ చెప్పాలి. మీ హోటల్ ఎక్కడున్నా, ఇలాంటి పత్రం మీకు ఇచ్చి ఉంటే ఇవాళే తీసి చదవండి. ఇవ్వకపోతే ఇవే ప్రశ్నలు బ్రాండ్‌కి ఉత్తరంగా రాయండి. అడగడం తప్పేమీ కాదు.

సరఫరా వైపు ఎంత విలువ ఉందో ఒక ఉదాహరణ చెబుతాను. 2001లో మారియట్, హయత్‌తో పాటు మరికొన్ని హోటల్ కంపెనీలు కలిసి అవెండ్రా అనే ఉమ్మడి కొనుగోలు సంస్థను పెట్టుకున్నాయి. దాన్ని 2017లో అరామార్క్ అనే అమెరికన్ ఆహార సేవల కంపెనీ 135 కోట్ల డాలర్లకు కొన్నది. హోటళ్ల తరఫున బేరమాడే సంస్థకే అంత ధర పలికింది. అప్పుడు మారియట్ తన వాటాగా వచ్చిన డబ్బును తన వ్యవస్థలోని హోటళ్ల మేలు కోసం ఖర్చు చేస్తానని ప్రకటించింది. హోటళ్ల కొనుగోళ్ల మీద పెరిగిన విలువ హోటళ్లకే చెందాలన్న ఆ ఆలోచన నాకు నచ్చింది. మీ బ్రాండ్‌ని మీరు అడగాల్సింది కూడా అదే: రిబేట్ తీసుకుంటున్నారా, తీసుకుంటే అది ఎక్కడికి పోతోంది, మా ధరలు తగ్గించడానికా, వార్షిక సమావేశం ఖర్చుకా, మీ లాభంలోకా?

కోర్టుకు వెళ్దామని బావగారు అంటే మాత్రం రెండు పాత తీర్పులు గుర్తుంచుకోండి. చికెన్ డిలైట్ అనే అమెరికన్ సంస్థ ఫ్రాంచైజీ ఫీజు, రాయల్టీ తీసుకునేది కాదు. దానికి బదులు వంట పాత్రలు, పిండి మిశ్రమాలు, ప్యాకింగ్ సామాను తన దగ్గరే ఎక్కువ ధరకు కొనాలనేది. 1971లో అక్కడి అప్పీల్ కోర్టు అది చట్టవిరుద్ధమని చెప్పింది. కానీ 1997లో డొమినోస్ ఫ్రాంచైజీ దుకాణాల వాళ్లు సరుకుల విషయంలో వేసిన దావాలో ఇంకో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందంలో ఉన్న నిబంధన తెలిసి సంతకం పెట్టినవాళ్లు, ఆ నిబంధన వల్ల బ్రాండ్‌కి మార్కెట్ మీద గుత్తాధిపత్యం వచ్చిందని అనలేరన్నది దాని సారం. మీరూ తెలిసే సంతకం పెట్టారు. కోర్టు కంటే ఒప్పందంలో ఉన్న దారే మీకు దగ్గర.

ఆ దారి ప్రత్యామ్నాయ సప్లయర్ ఆమోదం. జాబితాను రెండుగా విడగొట్టండి. బ్రాండ్ లోగో ఉన్నవి, బ్రాండ్ రిజర్వేషన్ వ్యవస్థతో కలిసి పనిచేయాల్సిన సాఫ్ట్‌వేర్ లాంటివి ఒకవైపు. వీటిలో మీకు ఎంపిక దాదాపు ఉండదు, వాటి మీద శక్తి ఖర్చు పెట్టకండి. బ్రాండ్ కేవలం నాణ్యత చెప్పి ఊరుకున్నవి రెండో వైపు: ఎంత బరువు టవల్, ఎన్ని దారాల దుప్పటి, ఎంత మందం కార్పెట్. వీటికి అదే నాణ్యతతో తక్కువ ధరకు ఇచ్చేవాళ్లు దొరికితే, నమూనా పంపి ఆమోదం అడగండి. పరీక్షకు ఫీజు ఉండొచ్చు, కొన్ని వారాలు పట్టొచ్చు. ఒక్క టవల్ కోసం అయితే అనవసరం. ప్రతి ఏటా కొనే సరుకైతే మొదటి ఏడాదిలోనే ఆ ఫీజు తిరిగి వస్తుంది. ఆమోదం చేతికి రాకముందు మాత్రం ఆర్డర్ పెట్టకండి.

"ఎవరికీ పైసా కట్టొద్దు" అన్న మాట మాత్రం దయచేసి పక్కన పెట్టండి. సప్లయర్‌కి బాకీ పడటాన్ని కూడా చాలా ఫ్రాంచైజీ ఒప్పందాలు ఉల్లంఘనగా చూస్తాయి, ఎందుకంటే ఒక హోటల్ ఎగ్గొడితే ఆ సప్లయర్ మిగతా హోటళ్లకూ షరతులు బిగిస్తాడు. రాయల్టీ ఆపితే నోటీసు ఇంకా తొందరగా వస్తుంది. ఫ్రాంచైజీ రద్దయితే బ్యాంకు లోన్ ఒప్పందం కూడా ఉల్లంఘించినట్టే, ఎందుకంటే బ్యాంకు ఆ బ్రాండ్ బోర్డు చూసే అప్పు ఇచ్చింది. కార్పెట్, టైల్స్ లాంటివి బిగించినవాళ్లకు డబ్బు ఆపితే, కొన్ని చోట్ల చట్టం ప్రకారం వాళ్లు మీ భవనం మీదే హక్కు నమోదు చేసుకోగలరు. ఒక్క కోపం ముగ్గురితో గొడవ అవుతుంది. బిల్లులో తప్పుంటే తప్పు లేని భాగాన్ని గడువులోపే కట్టేయండి. మిగతా భాగానికి ఎందుకు కట్టడం లేదో అదే రోజు ఉత్తరం రాసి, నకలు బ్రాండ్ ప్రతినిధికి పంపండి. బిల్లు తప్పా ఒప్పా తేల్చడానికి మూడు కాగితాలు పక్కపక్కన పెట్టాలి: మీరు ఇచ్చిన ఆర్డర్, సరుకు దిగినప్పుడు మీ మనిషి రాసిన రసీదు, వాళ్లు పంపిన ఇన్వాయిస్. మూడూ కలవని బిల్లుని నేను ఎప్పుడూ పాస్ చేయలేదు. ఆర్డర్ పెట్టేవాళ్లూ, సరుకు దింపుకునేవాళ్లూ, డబ్బు కట్టేవాళ్లూ ఒక్కరే కాకుండా మీరూ బావగారూ పంచుకోండి.

గదులన్నీ తయారై హోటల్ నడవడం మొదలయ్యాక, ఆదాయంలో 4 శాతం దాకా ఫర్నిచర్, పరికరాల నిధిగా పక్కన పెట్టమని బ్యాంకు అడుగుతుంది. అది ఈ రంగంలో బాగా అలవాటైన లెక్క. అడిగినా అడగకపోయినా మీరు పెట్టండి. ఈ పరుపులు, కార్పెట్లు కొన్నేళ్లకు మళ్లీ మార్చాల్సిందే, అప్పుడు మళ్లీ ఇదే సప్లయర్, ఇదే అడ్వాన్స్.

ఈ వారం చేయాల్సింది చెబుతాను. ఫర్నిచర్ సప్లయర్‌కి షరతులు మార్చమని ఉత్తరం, బ్యాంకు మేనేజర్‌తో అడ్వాన్స్ గురించి సమావేశం, బ్రాండ్ డిజైన్ విభాగం నుంచి ఆమోద లేఖ. ఈ మూడూ అయ్యాక డబ్బు పంపే రోజు వస్తుంది. ఆ రోజుల్లోనే మీకు ఒక ఈమెయిల్ రావచ్చు, "మా బ్యాంకు ఖాతా మారింది, అడ్వాన్స్ ఈ కొత్త ఖాతాకు పంపండి" అని. సప్లయర్ పేరుతోనే, అతని ఇన్వాయిస్ నంబరుతోనే వస్తుంది. పెద్ద ప్రాజెక్టుల్లో మోసగాళ్లు కాచుకుని ఉండే సమయం అదే. ఈమెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాదు, బ్రాండ్ లిస్టులో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి, ఖాతా వివరాలు వాళ్ల నోటితో చదివించుకోండి. బావగారినీ పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్ పెట్టండి. మొదట చిన్న మొత్తం పంపి, అందిందని వాళ్లు చెప్పాక మిగతాది పంపండి.